రన్నింగ్ కర్రీ పాయింట్ ఇప్పుడే కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా?

చేతిలో 12 లక్షలున్నాయి, హాస్టళ్ల దగ్గర బాగా నడుస్తున్న కర్రీ పాయింట్ అమ్మకానికొచ్చింది, ఉద్యోగం మానేసి ఇప్పుడే తీసుకోవాలా, ఏడాది ఆగాలా అని అడిగారు. నేను గుంటూరు బ్రాడీపేటలో 2023 జూన్‌లో ఒక టిఫిన్ సెంటర్ కొన్నాను. డబ్బు సిద్ధంగా ఉన్నా ఏడు నెలలు ఆగాను. ఆగబట్టే నిలబడ్డాను.

అమ్మే ఆయన రోజుకి 15 వేల కౌంటర్, అంటే అమ్మకం, అన్నాడు, ఫోన్‌పే స్టేట్‌మెంట్ చూపించాడు. అది నవంబర్, హాస్టళ్లన్నీ నిండుగా ఉండే రోజులు. ఆయన్ని అడిగి, పది రోజులు పొద్దున 6 నుంచి పదిన్నర దాకా కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ప్లేటుకో గీత చొప్పున నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఆదివారం 14 వేలు దాటింది, మామూలు రోజుల్లో తొమ్మిదిన్నరే. రోజూ నానబోసే మినప్పప్పు, నెలకి ఖాళీ అయ్యే 19 కిలోల సిలిండర్లు లెక్కేసినా అంతే తేలింది. మే నెలలో మళ్లీ వెళ్లాను. పిల్లలు ఊళ్లకెళ్లిపోయారు, కౌంటర్ 5 వేలకి దిగింది. అద్దె, జీతాలు మాత్రం అవే. ఆ నెల కళ్లారా చూశాకే బేరానికి కూర్చున్నాను. 9 లక్షలన్నది ఆరున్నరకి తెగింది.

నాకు అసలు టెన్షన్ దోసె మాస్టర్‌తో. అతను పాత ఓనర్‌కి బంధువు. అందుకే ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు అతని పక్కన పెనం దగ్గర నిలబడ్డాను. నీళ్లు చల్లితే ఎంత సేపట్లో ఆవిరైపోతే పిండి వేయాలో, చలికాలం పిండి పులవడానికి ఎంత ముందు రుబ్బాలో చేతికి వచ్చేదాకా నేర్చుకున్నాను. కొన్న రెండో నెలలోనే మాస్టర్ మానేశాడు. షాపు ఒక్క పూట కూడా మూయలేదు.

ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ నంబర్ షాపుతో పాటు రావు, మీ పేరున కొత్తగా తీసుకోవాలి. కానీ వ్యాపారం మొత్తంగా కొంటే పాత ఓనర్ కట్టని జీఎస్టీ బాధ్యత మీ మీదా పడుతుంది, చట్టంలో సెక్షన్ 85 అదే. ఆడిటర్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. బిల్డింగ్ ఓనర్‌తో 11 నెలల కాగితం కాదు, కనీసం మూడేళ్లకి రిజిస్టర్ అగ్రిమెంట్ చేయించుకోండి. మా స్నేహితుడు గుడ్‌విల్ కింద, అంటే షాపుకున్న పేరుకీ గిరాకీకీ, 4 లక్షలు పోశాడు, ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయమన్నారు. ఆ ఇంట్లో ఎంత ఏడ్చారో నేను చూశాను.

మీ 12 లక్షల్లో ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టండి, మిగిలిందే మీ పెట్టుబడి. ఆదివారం కాకుండా ఒక మంగళవారం సెలవు పెట్టి ఆ కర్రీ పాయింట్‌లో పొద్దుటి నుంచి మూసేదాకా కూర్చోండి. ఓనర్ కూర్చోనివ్వకపోతే ఆ షాపు వదిలేయండి. కూర్చోనిస్తే, వేసవి సెలవులు అయ్యేదాకా ఉద్యోగం మానకండి.