పోలో 1.0 టీఎస్ఐని మొదటిసారి డైనో ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

స్టేజ్ 1 రీమ్యాప్‌కి (ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడానికి) ముందు డైనో మీద, అంటే చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం మీద, బేస్‌లైన్ (ఇప్పుడున్న పవర్ లెక్క) తీయించాలని, కారు మాన్యువల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ అని ఒక పాఠకుడు రాశారు. డైనో మీద గడిచే ప్రతి నిమిషానికీ డబ్బే కాబట్టి కారులో రోగం ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే పట్టుకోండి.

ముందు స్కాన్. చెక్ ఇంజన్ లైట్ వెలగకపోయినా కంప్యూటర్‌లో పెండింగ్ కోడ్స్ (ఇంకా ఖాయం కాని లోపాల గుర్తులు) ఉండొచ్చు, ముఖ్యంగా మిస్‌ఫైర్‌వి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ మోతాదుని కంప్యూటర్ దీర్ఘకాలంగా ఎంత సరిచేస్తోందో చెప్పే అంకె) 5 శాతం లోపు అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే. 10 దాటితే కారణం తెలిసేదాకా బుకింగ్ వాయిదా వేసుకోండి. టర్బో నుంచి థ్రాటిల్ బాడీ దాకా ఉన్న ప్రతి క్లాంప్‌నీ టార్చ్ వేసి చూడండి. జాయింట్ చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి చార కనిపిస్తే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అక్కడే లీకవుతుందని అనుమానించాలి. వీలైతే స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు వెతకడం) చేయించండి.

స్పార్క్ ప్లగ్స్ పాతవైతే మార్చేయండి. బూస్ట్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడం కష్టమవుతుంది. ఊళ్లో తిరిగినంత కాలం బయటపడని ప్లగ్, ఫుల్ లోడ్‌లో 4,500 ఆర్‌పీఎం దగ్గర తడబడి గ్రాఫ్‌ని రంపంలా చేస్తుంది. ఇంజన్ ఆయిల్ మార్చాల్సి ఉంటే వారం ముందే మార్చండి. సెషన్ రోజు పొద్దున మారిస్తే ఫిల్టర్ దగ్గర, డ్రెయిన్ ప్లగ్ దగ్గర కారుతుందో లేదో తెలిసే టైమ్ ఉండదు. లెవెల్ మ్యాక్స్ గీత దాటకూడదు. కూలెంట్‌ని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

పెట్రోల్ సగం ట్యాంకు చాలు. డైనో మీద ఏ రకం పెట్రోల్ వాడాలనుకుంటే అదే రెండు మూడు రోజుల ముందు నుంచే వాడండి. బేస్‌లైన్ మామూలు పెట్రోల్ మీద తీసి, రీమ్యాప్ తర్వాత ఎక్స్‌పీ95 (ఇండియన్ ఆయిల్ అమ్మే 95 ఆక్టేన్ పెట్రోల్) పోస్తే, పెరిగిన పవర్‌లో ట్యూనర్ వాటా ఎంతో తేలదు. ఈ ఒక్కదాంట్లోనే చాలామంది బోల్తా పడతారు.

టైర్ల విషయంలో మొహమాటం వద్దు. నాలుగో గేర్‌లో రెడ్‌లైన్ దాకా లాగితే రోలర్ మీద వేగం గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. సైడ్‌వాల్‌లో ఉబ్బు గానీ, ముందు టైర్లలో పంక్చర్ ప్లగ్ గానీ ఉంటే కారు ఎక్కించకండి. ట్రెడ్‌లో (టైరు గాడుల్లో) ఇరుక్కున్న కంకర రాళ్లు తీసేయండి, తూటాల్లా ఎగురుతాయి. గాలి రెండు వైపులా సమానంగా ఉండాలి, ఆ ప్రెషర్ రాసి పెట్టుకుని రీమ్యాప్ తర్వాత కూడా అంతే పెట్టండి. వీల్ బోల్టులు 120 ఎన్ఎం టార్క్‌తో బిగించాలి. అలైన్‌మెంట్ చెడితే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు రోలర్ మీద పక్కకి జరుగుతుంది. బెల్టులు టో హుక్‌కో, బాడీ మీద గట్టి పాయింట్లకో కట్టమనండి, సస్పెన్షన్ ఆర్మ్‌కి కట్టనివ్వకండి.

ముందు చక్రాలు తిరుగుతూ వెనకవి కదలకపోతే ఈఎస్‌పీ (కారు జారకుండా అదుపు చేసే వ్యవస్థ) దాన్ని జారుడు అనుకుని పవర్ కోసేస్తుంది. దాన్ని ఎలా ఆపుతారో ఆపరేటర్‌ని ముందే ఫోన్‌లో అడగండి. తోచినట్టు ఏబీఎస్ ఫ్యూజ్ పీకొద్దు, స్పీడ్ సిగ్నల్ పోయి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పవర్ తగ్గించే ప్రమాదం ఉంది.

ఈ ఇంజన్‌లో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది, నీటితో చల్లబడుతుంది. అందుకని బానెట్ తెరిచి ఇంజన్ మీదకి గాలి కొట్టినంత మాత్రాన సరిపోదు, పెద్ద ఫ్యాన్ బంపర్ గ్రిల్‌కి సూటిగా ఉండాలి. ఏసీ ఆపేయండి. కనీసం మూడు రన్స్ తీయించి, ప్రతిసారీ ఇన్‌టేక్ టెంపరేచర్ మొదటి రన్ దగ్గరికి దిగాకే తర్వాతది మొదలుపెట్టమనండి. మే నెల మధ్యాహ్నం స్లాట్ ఇస్తామంటే పొద్దున్నది అడగండి.

కంపెనీ చెప్పే 110 పీఎస్ ఇంజన్ దగ్గరి లెక్క. చక్రాల దగ్గర 10–15 శాతం తక్కువ రావడం మామూలే, కంగారు పడకండి. కరెక్షన్ (గాలి ఒత్తిడి, వేడిని బట్టి పవర్ అంకెని సరిచేసే లెక్క) ఎస్ఏఈ పద్ధతా, డీఐఎన్ పద్ధతా అడిగి రాసుకోండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది, అక్కడి పల్చటి గాలికి కరెక్షన్ కొంత కలుపుతుంది. కానీ టర్బో ఆ లోటుని చాలావరకు తనే పూడ్చుకుంటుంది కాబట్టి అంకె ఉబ్బుతుంది. కరెక్షన్ లేని గ్రాఫ్ కూడా ఇమ్మనండి, ప్రింటుతో పాటు డేటా ఫైల్ తీసుకోండి. ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి), బూస్ట్, నాక్ రిటార్డ్ (ఇంజన్‌లో నాకింగ్ వచ్చినప్పుడు స్పార్క్‌ని ఎంత ఆలస్యం చేసిందో) లాగ్ లేకపోతే ఆ పవర్ ఎలా వచ్చిందో ట్యూనర్‌కి అర్థం కాదు.

చివరి రన్ అయ్యాక వెంటనే ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. దిగాక వీల్ బోల్టులు మళ్లీ చూడండి. ఈఎస్‌పీ లైట్ కొంచెం దూరం నడిపినా ఆరకపోతే స్కానర్ పెట్టి కోడ్ చదివించాకే హైవే ఎక్కండి.