ఆడవాళ్ళ ఒంటి గురించి కవిత్వం రాయడం అవసరమా, అది బూతు కిందకి రాదా?

ప్రశ్నలో ఇంకో ముక్క కూడా ఉంది, "ముట్టు, కాన్పు, రొమ్ములు అన్నీ కవిత్వంలోకి లాగడం ఈమధ్య ఫ్యాషన్, పాతకాలంలో ఇలా లేదు" అని. పాతకాలం సంగతి తర్వాత చూద్దాం, ముందు మా ఇంటి సంగతి చెప్తా.

మాది బరంపురం, ఒడిశా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడి కూడా ఒడియాలోనే. జూన్ మధ్యలో మా దగ్గర రజో పండగ వస్తుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మూడు రోజులు భూమాత బయట ఉన్నట్టు, అంటే ముట్టయినట్టు లెక్క, అందుకని నాగలి పెట్టరు, నేల తవ్వరు, ఆడపిల్లలు కాళ్ళకి అలతా (పారాణి) పూసుకుని కొత్తబట్టలు వేసుకుని ఉయ్యాలలూగుతారు, నాలుగో రోజు సన్నికల్లుకి పసుపు రాసి స్నానం చేయిస్తారు, ఆ రాయే భూదేవి అన్నమాట.

నాకు పదమూడో ఏట సరిగ్గా రజో రెండో రోజు నెలసరి వచ్చింది. పక్కింటి మామిడిచెట్టుకి ఉయ్యాల, దానిమీద మా క్లాసు పిల్లలంతా, నేనేమో పెరట్లో కట్టెలు పెట్టే పాకలో చాప మీద, పక్కన నా కంచం, నా గ్లాసు. పక్కింటి ఒడియా మావుసీ గోడ మీంచి పొడొపిఠా (రజోకి చేసే పిండివంట) ముక్క అరిటాకులో పెట్టి ఇవ్వబోతే మా మామ్మ "దాన్ని ముట్టుకోకమ్మా, బయటుంది" అని అరిచింది. భూమి కూడా బయటే ఉంది కదా మామ్మా, దానికి పండగ చేస్తున్నారు కదా అన్నా. "అది వాళ్ళ భూమే, నువ్వు మా ఇంటి పిల్లవి" అంది! (ఆ మావుసీ కూడా తన రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్ళేది కాదులెండి, పండగ భూమికే, మనిషికి కాదు.)

గమనించారా, బయటుంది, దూరం, కాకి ముట్టింది, ఇన్ని మాటలున్నాయి గానీ ఒక్కటీ దాని అసలు పేరు కాదు. నాకు కవిత్వం పనికొచ్చింది అక్కడే. డిగ్రీలో ఉండగా విశాఖలో మా పెద్దమ్మ కూతురు 'నీలిమేఘాలు' ఇచ్చింది, 1993లో ఓల్గా గారి సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితల పుస్తకం. నాకు తెలుగు అక్షరాలు సరిగ్గా రావు, కూడబలుక్కుంటూ చదివా. కొండేపూడి నిర్మల గారి 'లేబర్ రూమ్' చదివాక చాలాసేపు కదల్లేదు, ఎందుకంటే కాన్పు అంటే అప్పటిదాకా నాకు తెలిసింది సినిమాలో తలుపు బయట హీరో అటూ ఇటూ తిరగడమే, ఇక్కడ తలుపు లోపల్నించి చెప్తున్నారు. జయప్రభ గారు పైటని తగలెయ్యాలి అన్నది చదివితే రోజూ కాలేజీకి వెళ్ళేముందు వోణీకి పెట్టుకునే మూడు పిన్నీసులు గుర్తొచ్చాయి. అప్పట్లో వీటిని నీలి కవితలని ఎగతాళి చేశారు కూడా. అందులో అన్నీ గొప్పవి అనను, కొన్ని ఉత్త నినాదాలే. ఒంటిని పొగిడితే చాలదు, పిన్నీసో మంచమో ఏదో ఒకటి చేతికి తగలాలి, లేకపోతే అది సినిమా పాటే.

ఇక పాతకాలం. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది, ఆడదాని కోరికని ఆడదే చెప్పిన కావ్యం. వీరేశలింగం గారు అది ఆడవాళ్ళు వినదగ్గది కాదని తిట్టారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో మళ్ళీ అచ్చువేయిస్తే, సిగ్గు ఆడవాళ్ళకేనా మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగితే, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి ఆ నిషేధం మాకూ పట్టినట్టే. 1947లో ప్రకాశం పంతులు గారు ఎత్తేసేసరికి మేం ఒడిశాలో పడి పదకొండేళ్ళు. అంటే పాతకాలంలో లేక కాదు, ఉన్నదాన్ని దాచిపెట్టారు.

మొన్నామధ్య మా ఊళ్ళో ఒక ఉగాది కవిసమ్మేళనంలో నేనూ ఒకటి చదివా, మా అమ్మ పొట్ట మీద. నలుగురు పిల్లల చారలు, ఆ తర్వాత పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ కుట్లు, అంతే. కాగితం మీద ఒడియా లిపిలో తెలుగు రాసుకుని వెళ్ళా, మాలో చాలామంది అలాగే రాసుకుంటారు. సగంలో ఉండగానే ఒక పెద్దాయన "ఇలాంటివి ఇంట్లో చెప్పుకోవాలమ్మా" అని మైకు పక్కకి తిప్పారు. ఆయనే పావుగంట ముందు ఒక ప్రబంధ నాయిక కుచాల మీద పద్యం రాగం తీసి పాడి, వన్స్ మోర్ అంటే రెండోసారి కూడా పాడారు. ఇక బూతు ఏదో మీరే చెప్పండి.

సరే ఇంట్లోనే చెప్పుకోమన్నారు కదా అని ఆ రాత్రి అమ్మకి చదివి వినిపించా. భయపడుతూనే. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మొత్తం వింది, ఏం మాట్లాడలేదు. చివర్లో "అడ్డంగా ఉందని రాసేవేటే, నా కోత అడ్డం కాదు, నిలువు. రాస్తే సరిగ్గా రాయి" అంది. చేతులు కొంగుకి తుడుచుకుని కుచ్చిళ్ళు కొంచెం కిందకి జరిపి చూపించింది. ఇన్నేళ్ళలో నేను చూడటం అదే మొదలు.

నిలువే. ఆ లైను మార్చేశా.