అద్దె కాగితాల్లో ‘ఈదర్’, ‘నీదర్’

తిరుపతిలో డిగ్రీ ముగించి టెక్సాస్‌కు చదువుకోవడానికి వెళ్ళనున్న తమ్ముడొకరు ‘ఈదర్–ఆర్’, ‘నీదర్–నార్’ జంటల దగ్గర తనకు ఎప్పుడూ తికమకేనని వ్రాశాడు. నియమాలు ఏ గ్రామరు పుస్తకంలోనైనా దొరుకుతాయి. రెండింటిలో ఏదో ఒకటి అయితే మొదటి జంట, రెండూ కాకపోతే రెండవది. క్రియ తనకు దగ్గరగా ఉన్న కర్తను అనుసరిస్తుంది కనుక ‘నీదర్ ద టెనెంట్ నార్ హిజ్ గెస్ట్స్ ఆర్ అలౌడ్’ అనాలి. పరీక్షలో ఇది తప్పితే ఒక మార్కు పోతుంది, అక్కడ డాలర్లు పోతాయి. తమ్ముడూ, నా దిగులంతా ఆ డాలర్ల గురించే.

మనం ‘అద్దె గానీ అడ్వాన్సు గానీ కట్టలేదు’ అంటాము. కాదనడం చివరి క్రియలో ఉంటుందే తప్ప ‘గానీ’లో ఉండదు. ‘నీదర్’లో మాత్రం అది ముందే చేరి ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకుండా, చిత్తూరు నుంచి వెళ్ళిన కొత్తలో నేను అపార్ట్‌మెంటు ఆఫీసుకు ‘ఐ డోంట్ నీడ్ నీదర్ పార్కింగ్ నార్ స్టోరేజ్’ అని మెయిల్ పెట్టాను. సంగతి తేల్చుకోవడానికి అక్కడి ఉద్యోగిని ఫోన్ చేసి ‘సో, యూ డోంట్ వాంట్ ఈదర్?’ అని అడిగింది. ‘అవును, వద్దు’ అనే ఉద్దేశంతో నేను ‘యెస్’ అన్నాను. వద్దనుకునేవాడు అక్కడ ‘నో’ అనాలి. ఆమె రెండూ కావాలని వ్రాసుకుంది, లీజులో రెండు రుసుములూ చేరాయి, నేను ఆ పేజీ చదవకుండానే సంతకం చేశాను. కారే లేని నేను లీజు ముగిసేదాకా కారు నిలిపే చోటుకు డబ్బు కట్టాను. నాన్న తోతాపురి తోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. నెలనెలా ఆ పద్దులను రూపాయలలోకి మార్చి చూసుకున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఇల్లు కొన్నప్పుడు కాగితాలన్నీ నేనే ఆసాంతం చదివి సంతకం చేశాను. ఇప్పటి పిల్లలు అన్నీ ఫోను చెబుతుందని ధీమాగా ఉంటారు గానీ, ఎదుటి మనిషి ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినప్పుడు ఫోను వెతుక్కునే వ్యవధి ఉండదు. ‘డోంట్’ వాడితే వెనుక ‘ఈదర్–ఆర్’ రావాలి, ‘నీదర్–నార్’ వాడితే ‘డోంట్’ తీసివేయాలి. లీజులో ‘ఈదర్ పార్టీ మే టర్మినేట్’ అని ఉంటే నీవే కాదు, యజమాని కూడా ఒప్పందం ముగించవచ్చు. టెక్సాస్‌లో ఇల్లు ఖాళీ చేసి, కొత్త చిరునామా వ్రాసి ఇచ్చినవారికి 30 రోజులలోగా అడ్వాన్సు లెక్క తేల్చాలి. మిగతా వివరాలు యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసులో దొరుకుతాయి.

ఇటువంటి ప్రశ్న ఫోనులో ఎదురైతే ఒక్క మాటతో సరిపెట్టకుండా ‘నో, ఐ డోంట్ నీడ్ దెమ్’ అని పూర్తిగా చెప్పు. అదే సంగతి వారి చేత మెయిల్‌లో వ్రాయించుకుని, నెలవారీ రుసుముల పేజీ చూసిన తర్వాతే సంతకం పెట్టు.