ముట్టుకోకుండా ఆడే ఆటతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో ఏడాది. ఈమధ్య ఒక యాప్ చేసింది. ఫోన్ బోర్లా పెట్టి వదిలేస్తే పిట్ట వచ్చి గూడు కట్టుకుంటుందట, మధ్యలో ఫోన్ తీస్తే ఎగిరిపోతుందట. ఇకముందు ఇలాంటివే డిజైన్ చేస్తానంటోంది. ఏమీ చేయనక్కర్లేని ఆటకు జీతం ఎవరిస్తారు? ప్లేస్‌మెంట్లు దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఆ పిట్ట ఆలోచన నాకు చాలా నచ్చింది.

ఇది కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. 1990లలోనే అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’ (PARC)లో నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి పైకప్పున ఉన్న చిన్న మోటారుకు ఎనిమిదడుగుల ప్లాస్టిక్ తీగ వేలాడదీసి, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపారు. నెట్‌వర్క్ రద్దీగా ఉంటే తీగ గిరగిరా తిరిగేది, ఖాళీగా ఉంటే అప్పుడప్పుడు వణికేది. ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే సంగతి తెలుసుకునేవారు. 2014లో జపాన్ నుంచి వచ్చిన నెకో అత్సుమే అనే ఫోన్ ఆటలోనూ అంతే. తిండీ బొమ్మలూ పెట్టి ఫోన్ పక్కన పెట్టేయాలి, పిల్లులు వాటికి తోచినప్పుడు వస్తాయి.

ఆడేవాళ్లకు పని తగ్గేకొద్దీ డిజైనర్‌కు పెరుగుతుంది. అమ్మాయిని ఒక్కటి అడగండి: అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు తీస్తే కూడా పిట్ట ఎగిరిపోవాలా? అది ఆట అనిపించదు, శిక్ష అనిపిస్తుంది. పోనీ, గూడు సగంలో ఆపి కొమ్మ మీద కూర్చుంటే? ఇలాంటి నిర్ణయాలే ఇంటర్వ్యూలో అడుగుతారు. యాప్‌ను మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురి ఫోన్లలో వేసి, ఎవరు ఎక్కడ విసుక్కున్నారో, ఎక్కడ నవ్వారో రాసుకోమనండి. పోర్ట్‌ఫోలియోలో (తను చేసిన పనుల నమూనాల్లో) అందమైన స్క్రీన్ల కంటే ఆ నోట్సుకే నేను ఎక్కువ విలువిస్తాను. సెన్సర్లు, బ్యాటరీ ఖర్చు తెలిసిన సీఎస్‌ఈ చదువు ఇక్కడ పెద్ద బలం. దాన్ని మధ్యలో వదలనివ్వకండి.

ఇలా ముట్టుకోకుండా నడిచేవాటిని డిజైన్ చేసే పని పేరుతోనే ఉద్యోగ ప్రకటనలు దాదాపు కనిపించవు. ఇంటరాక్షన్ డిజైనర్, యూఎక్స్ డిజైనర్ (యాప్‌లు మనుషులు వాడేందుకు ఎలా ఉండాలో తీర్చిదిద్దేవాళ్లు), గేమ్ డిజైనర్ ఉద్యోగాల ద్వారానే ఇందులోకి వెళ్లాలి. మొదటి రెండు మూడేళ్లు మామూలు యాప్‌ల పనే ఎక్కువ ఉంటుందని ఇప్పుడే చెప్పండి.

పై చదువుకు మీరు ఊరు మారనక్కర్లేదు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో ఇంటరాక్షన్ డిజైన్, డిజిటల్ గేమ్ డిజైన్‌లలో ఎం.డిజైన్ ఉంది, దానికి వాళ్ల సొంత పరీక్ష డ్యాట్ రాయాలి. ఐఐఎస్‌సీలోనూ ఎం.డిజైన్ ఉంది. ఐఐటీలకు సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఐఐఎస్‌సీకీ ఆ స్కోరు పనికొస్తుంది. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది, చివరి ఏడాది చదువుతూనే రాయొచ్చు. ప్లేస్‌మెంట్లకు కూర్చుంటూనే వచ్చే ఏడాది రెండు పరీక్షలూ రాయించండి.