క్యాబినెట్ ఫ్యాన్ల మోతకు ముందు బయోస్ తెరవండి, పర్సు తర్వాత

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హనుమకొండ, సుబేదారి. ఎంఎస్ చదవడానికి డాలస్ వచ్చి ఒక సెమిస్టరు అయింది. చదువుకు అవసరమని కంపెనీ బిగించి అమ్మే డెస్క్‌టాప్ కొన్నాను. బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. సిస్టం ఆపేసినా రంగు లైట్లు వెలుగుతూనే ఉంటున్నాయి. నాతో గదిలో ఉండే అబ్బాయికి నిద్ర పట్టడం లేదు. ఇక్కడే కొత్త ఫ్యాన్లు కొననా, సంక్రాంతి తర్వాత వరంగల్ నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోనా? అక్కడి ఫ్యాను ఇక్కడి కరెంటుకు పనిచేస్తుందా?

జవాబు: తమ్ముడూ, కార్టులో వేసుకున్న ఫ్యాన్లను ముందు తీసెయ్యి. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నీ సిస్టంలో చెడిపోయిన వస్తువు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. కొత్తగా వచ్చిన మన పిల్లల్లో ఈ అలవాటు చూస్తూనే ఉన్నాను. ఏది మోత చేసినా, ఏది వెలగకపోయినా వెంటనే ఫోను తీసి ఇంకొకటి ఆర్డరు పెడతారు. మన వైపు ఎన్నో ఇళ్లలో అమ్మానాన్నలు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పిల్లలను పంపుతున్నారు. ఆ రుణం మీద వడ్డీకి సెలవు దినాలు ఉండవు. ఇక్కడ పెట్టే ప్రతి డాలరునూ అక్కడి కిస్తీలో నుంచి తీసినట్టే లెక్క వేసుకోవాలి.

నేను వచ్చిన కొత్తలో ఇలా చెప్పేవాళ్లు లేరు. హనుమకొండలో ఉన్నప్పుడు సిస్టం పాడైతే చౌరస్తా దగ్గర రిపేరు దుకాణంలో ఇచ్చేవాళ్లం. దుకాణదారు మూత తీసి, దుమ్ము ఊది, తీగలు సర్ది ఇస్తే అడిగినంత ఇచ్చినా పెద్ద భారం అనిపించేది కాదు. అదే ఊహతో ఇక్కడ ఒక దుకాణానికి మోసుకెళ్లాను. చూసి చెప్పడానికే రుసుము తీసుకున్నారు. ఫ్యాన్లన్నీ మార్చాలన్నారు, మార్చారు. ఆ నెల సరుకుల డబ్బు అక్కడితో అయిపోయింది. ఇంటికి తెచ్చి స్విచ్చి వేస్తే అదే హోరు. ఎందుకంటే లోపం ఫ్యాన్లలో లేదు, వాటికి ఆజ్ఞ ఇచ్చే చోట ఉంది. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత, స్వయంగా చదివి తెలుసుకున్నాకే అర్థమైంది.

ఫ్యాను తీగ చివర చూడు. మూడు పిన్నుల ఫ్యానయితే మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన బోర్డు, వోల్టేజి తగ్గించి దాని వేగం తగ్గిస్తుంది. నాలుగు పిన్నులదయితే 12 వోల్టులు అలాగే ఉంచి, నాలుగో పిన్ను ద్వారా వేగం ఎంతో చెబుతుంది. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నుల ఫ్యాను పెట్టి బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో, పీడబ్ల్యూఎం అని ఉంచితే ఆ ఫ్యానుకు ఎప్పుడూ పూర్తి 12 వోల్టులు అందుతాయి, ఖాళీగా ఉన్నా పూర్తి వేగంతో తిరుగుతుంది. బయోస్‌లోకి వెళ్లి దాన్ని డీసీ, అంటే వోల్టేజితో వేగం మార్చే పద్ధతికి, మార్చితే చాలు. పైసా ఖర్చు లేదు.

మోత ఒకే తీరున కాకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే కారణం వేరు. బ్రౌజర్ తెరిచిన క్షణంలో ప్రాసెసర్ వేడి ఒక్కసారి ఎగిరి మళ్లీ దిగుతుంది. ఫ్యాను గుమ్మంలో అలికిడైన ప్రతిసారీ లేచి నిలబడే కాపలావాడిలా వెంటనే స్పందిస్తుంది. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్, ఎంఎస్ఐ బోర్డుల్లో స్మార్ట్ ఫ్యాన్ అనే భాగం ఉంటుంది. అక్కడ ఏ వేడికి ఎంత వేగమో గీత గీసుకోవచ్చు. నేను 55 డిగ్రీల వరకు 40 శాతం, 70 దగ్గర 60 శాతం, 80 దాటితే పూర్తి వేగం పెడతాను. స్పందన ఆలస్యాన్ని కొన్ని సెకన్లకు పెంచుతాను. నీ సిస్టంలో నీటితో చల్లబరిచే కూలరు ఉంటే దాని పంపు వేగం మాత్రం ముట్టుకోకు. కొన్ని పెద్ద కంపెనీల డెస్క్‌టాప్‌లలో బయోస్ ఈ అవకాశమే ఇవ్వదు, ఫ్యాను పిన్నులు కూడా మామూలువి కావు. అలాంటిదానికి బయటి ఫ్యాను కొంటే డబ్బు పోయినట్టే. చవక మోడళ్లలో ఫ్యాన్లు మదర్‌బోర్డుకు కాకుండా నేరుగా ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు అందించే పెట్టె) తీగకే తగిలించి ఉంటాయి. వాటి వేగం బయోస్ మాట వినదు. మదర్‌బోర్డు మీద ఖాళీ పిన్నులుంటే, ఫ్యాను తీగ వాటికి సరిపోతే అక్కడికి మార్చు.

బయోస్ సరిచేసినా శబ్దం ఉంటే అప్పుడు మూత తియ్యి. సిస్టం ఆపి, కరెంటు తీగ పీకి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకిన తర్వాతే లోపల చెయ్యి పెట్టు. చలికాలంలో కార్పెట్ మీద నడిచి వచ్చిన చేతిలో స్థిరవిద్యుత్తు ఉంటుంది. టకటకమంటే ఏదో తీగ రెక్కకు తగులుతోంది, కట్టి పక్కకు జరిపితే సరి. గరగరమంటే బేరింగు అరిగింది. ఏ ఫ్యానో తేల్చడానికి క్యాబినెట్ ఫ్యాన్ల తీగలను ఒక్కొక్కటిగా తీసి నడిపి చూడు, ప్రతిసారీ ముందు సిస్టం ఆపాలి. ప్రాసెసర్ మీది ఫ్యాను మాత్రం తీయకు. అరిగినది ఒకటి తేలితే ఆ ఒక్కటే కొనాలి, సెట్టు అక్కర్లేదు. దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకో. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు, కరెంటు తీసినా దాని కెపాసిటర్లలో షాకు మిగిలి ఉంటుంది.

ఇక్కడి ఇళ్లలో ఇంకొక చిక్కుంది. చాలా క్యాబినెట్లలో ఎస్ఎంపీఎస్ అడుగు నుంచి గాలి పీలుస్తుంది. కార్పెట్ మీద పెడితే ఆ దారి మూసుకుపోతుంది. చెక్క పలక మీదో, బల్ల మీదో పెట్టు.

లైట్ల దగ్గర మరీ జాగ్రత్త. చూడముచ్చటగా ఉన్నాయని వెలిగే ఫ్యాన్లు కొని, వాటి లైట్ల తీగను అటూ ఇటూ తోసి 12 వోల్టుల పిన్నులకు ఎక్కించాను. అవి 5 వోల్టులవి. క్షణంలో ఆరిపోయాయి, మళ్లీ వెలగలేదు. తిరిగి తీసుకోవడానికి అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. మూడు పిన్నుల లైట్ల తీగ 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. బోర్డు మీద పక్కనే అచ్చు వేసి ఉంటుంది, చదివి పెట్టు. లైట్లు ఆర్పడానికైతే తీగలు ముట్టుకోవలసిన పనే లేదు. ఇలాంటి క్యాబినెట్లు చాలావాటికి లైట్ల బొత్తాం ఉంటుంది, కొన్నింటిలో రీసెట్ బొత్తామే ఆ పని చేస్తుంది. కాసేపు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో ఆరిపోతాయి. విండోస్ 11లో పర్సనలైజేషన్ కింద డైనమిక్ లైటింగ్ అని ఉంది, అదీ చూడు. లైట్ల సాఫ్ట్‌వేర్లు రెండు కలిసి ఉంటే ఒకటి తీసెయ్యి, అవి ఒకదాని ఆజ్ఞను మరొకటి కొట్టేస్తాయి. సిస్టం ఆపినా వెలుగుతున్నాయన్నావు. చాలా బోర్డుల్లో బయోస్‌లో ఈఆర్‌పీ అనే, ఆపిన సిస్టం వాడే కరెంటును తగ్గించే ఐచ్ఛికం ఆన్ చేస్తే అదీ ఆగుతుంది.

మూత తీస్తే వారంటీ పోతుందన్న భయం వద్దు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఇక్కడి వినియోగదారుల పక్షాన ఉంది. స్టిక్కరు చిరిగితే వారంటీ రద్దు అనే మాట మీద వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కంపెనీలను హెచ్చరించింది. వివరాలు కమిషన్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అయినా నీ బిల్లులో వాపసు గడువు ఎప్పటి వరకు ఉందో ఈ రోజే చూసుకో.

వరంగల్ నుంచి తెప్పించే సంగతి. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. కానీ క్యాబినెట్ ఫ్యాను గోడ కరెంటుతో నడవదు, ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులతో నడుస్తుంది. కాబట్టి పిన్నులు నీ బోర్డుకు సరిపోతే హనుమకొండలో కొన్న ఫ్యాను ఇక్కడా పనిచేస్తుంది. 120 మిల్లీమీటర్లదా, 140దా కొలిచి చెప్పాలి అంతే. మీ అమ్మగారు పంపే పచ్చళ్ల మధ్య అది సులభంగా ఇమిడిపోతుంది. ఇక్కడి ధరతో పోల్చి, తేడా నిజంగా ఉంటేనే తెప్పించు.

ఇప్పుడు మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఏ సిస్టం మోత చేసినా నన్నే పిలుస్తారు. చాలాసార్లు బయోస్‌లో ఒక్క మార్పుతో పని అయిపోతుంది. నీ మదర్‌బోర్డు పేరు, ఫ్యాను తీగ పిన్నుల లెక్క, శబ్దం ఏ తీరుగా ఉందో రాసి పంపు. అది చూసే వరకు ఏదీ కొనకు.