టెక్ సందేహాలు: పాత కారు రేడియేటర్‌తో కంప్యూటర్‌కు లిక్విడ్ కూలింగ్

ప్రశ్న: మూలన పడి ఉన్న పాత కారు నుంచి రేడియేటర్, నీటి పంపు, రబ్బరు గొట్టాలు విప్పి, నా డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు సొంతంగా లిక్విడ్ కూలింగ్ తయారు చేసుకోవాలనుకుంటున్నాను. ఇంజిన్‌నే చల్లబరిచే రేడియేటర్‌కు ప్రాసెసర్ ఒక లెక్క కాదనుకుంటున్నాను. ఏ భాగాలు వాడుకోవచ్చు, ఏవి కొనాలి?

జవాబు: చేయవచ్చు. ఇదేమీ వింత ఆలోచన కాదు. 2004లో ఆపిల్ విడుదల చేసిన 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5కు లిక్విడ్ కూలింగ్ అందించింది కారు విడిభాగాల సంస్థ డెల్ఫీయే. అయితే మీ లెక్కను కొంచెం సరిచేయాలి. కారులో కూలెంట్ దాదాపు 90 డిగ్రీల వేడితో తిరుగుతుంది కాబట్టి దానికీ బయటి గాలికీ 50 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. కంప్యూటర్‌లో నీరు గది ఉష్ణోగ్రత కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా చూసుకోవాలి. రేడియేటర్ బయటకు పంపగల వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కనుక, అదే రేడియేటర్ మీ బల్ల పక్కన ఐదో వంతు పని మాత్రమే చేస్తుంది. పైగా పరుగెత్తే కారుకు తగిలే ఎదురుగాలి ఇక్కడ ఉండదు. అయినా ఇంజిన్ రేడియేటర్ పదుల కిలోవాట్ల వేడిని భరించేది, ప్రాసెసర్ ఇచ్చేది 100 నుంచి 250 వాట్లు. అంటే పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

అందుకే పెద్ద రేడియేటర్‌ను వదిలేసి, డ్యాష్‌బోర్డు వెనుక ఉండే హీటర్ కోర్‌ను విప్పండి. క్యాబిన్‌ను వెచ్చబరిచే ఈ చిన్న రేడియేటర్ ఒకటి రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ల వెనుక ఇమిడిపోతుంది. రెడీమేడ్ కూలింగ్ కిట్లు అరుదుగా దొరికిన రోజుల్లో ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడం) అభిమానులు ఎక్కువగా దీనినే వాడేవారు. దానికి కంప్యూటర్ ఫ్యాన్లనే బిగించండి. కారు రేడియేటర్ ఫ్యాన్ 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది, మదర్‌బోర్డుపై ఫ్యాన్ తీగను గుచ్చే పిన్నులు, అంటే ఫ్యాన్ హెడర్, సాధారణంగా ఇవ్వగలిగేది 1 ఆంపియర్ మాత్రమే. ఫ్యాన్‌కూ కోర్‌కూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా పెట్టె వంటి తొడుగు చేస్తే, ఫ్యాన్ మధ్యభాగానికి ఎదురుగా ఉన్న కోర్ రెక్కలకు కూడా గాలి అందుతుంది. ఈ తొడుగు విషయంలో బద్ధకించవద్దు, ఎందుకంటే ఈ వ్యవస్థ సామర్థ్యాన్ని నిర్ణయించేది నీరు కాదు, గాలి. నిమిషానికి 4 లీటర్ల నీరు తిరిగితే 250 వాట్ల వేడికి ఆ నీరు వాటర్ బ్లాక్‌ను (ప్రాసెసర్‌పై బిగించే, లోపల నీరు పారే లోహపు దిమ్మె) దాటేసరికి 1 డిగ్రీ కూడా పెరగదు. అదే వేడిని గంటకు 100 ఘనపు మీటర్ల గాలి మోయాలంటే ఆ గాలి ఏడు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. కాబట్టి పంపు బలం పెంచడం కంటే ఇంకో ఫ్యాన్ చేర్చడమే లాభం.

ఇక అసలు చిక్కు లోహాల దగ్గర వస్తుంది. పాత కార్ల హీటర్ కోర్లు రాగి, ఇత్తడితో చేసినవి. తర్వాతి కాలం కార్లలో ఎక్కువగా అల్యూమినియమే. మార్కెట్లో దొరికే వాటర్ బ్లాకులు చాలావరకు రాగివి, లేదా రాగిపై నికెల్ పూత వేసినవి. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అది ఒక బ్యాటరీలా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. అయస్కాంతంతో పరీక్షించి లాభం లేదు, రెండూ దానికి అంటుకోవు. మూలన చిన్నగా గీరి చూడండి, ఎర్రగానో పసుపుగానో మెరిస్తే పనికొస్తుంది, తెల్లగా కనిపిస్తే నా సలహా దాన్ని పక్కన పెట్టేయమనే. కారులో ఈ లోహాలన్నీ కలిసే ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ కూలెంట్‌లోని రసాయనాలు తుప్పును అదుపులో ఉంచుతాయి, దాన్ని నిర్ణీత వ్యవధిలో మారుస్తారు, నీటి దారులు కూడా విశాలంగా ఉంటాయి. వాటర్ బ్లాక్ లోపలి సందులు మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే కాబట్టి, కారు పట్టించుకోనంత మడ్డి కూడా వాటిని మూసేస్తుంది. లోహాలు కలిసినా కలవకపోయినా, డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునూ నాచునూ నిరోధించే ద్రవం కలపాలి.

కోర్‌ను విప్పేటప్పుడు వచ్చే పాత కూలెంట్‌ను కాలువలో పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉండటంతో జంతువులు నాకే ప్రమాదం ఉంది. కోర్‌ను వేడినీటితో పలుమార్లు కడిగి, పలచని వెనిగర్‌తో కాసేపు నానబెట్టి, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో తొలవండి. తర్వాత నీటిలో ముంచి ఒక గొట్టం మూసి రెండో దానిలో మెల్లగా గాలి ఊదితే చిల్లులు బుడగల రూపంలో తెలిసిపోతాయి. చిల్లులు పూడ్చే మందు ఎప్పుడో పోసిన కోర్ అయితే దానిపై శ్రమ పడవద్దు.

పంపు సంగతికొస్తే, బెల్టుతో తిరిగే ఇంజిన్ పంపు మీకు పనికిరాదు. అద్దం కడిగే వాషర్ పంపు కొన్ని సెకన్లపాటు తిరగడానికే తయారైంది, గంటలకొద్దీ నడిపితే కాలిపోతుంది. పెట్రోల్ పంపు జోలికి అసలే వెళ్లకండి. దానిని చల్లబరిచేదీ, జారుడునిచ్చేదీ పెట్రోలే, పైగా లోపల మిగిలిన ఆవిరికి నిప్పు అంటుకోవచ్చు. హైబ్రిడ్ కార్లలోనూ, కొన్ని టర్బో ఇంజిన్లలోనూ ఉండే 12 వోల్టుల విద్యుత్ కూలెంట్ పంపు దొరికితే అది నిరంతరం తిరగగలదు. దానికి మదర్‌బోర్డు నుంచి కాక, నేరుగా పవర్ సప్లై నుంచి కరెంటు ఇవ్వాలి. కొన్ని రకాలు నియంత్రణ సంకేతం లేనిదే కదలవు కాబట్టి బిగించే ముందే బయట తిప్పి చూడండి.

థర్మోస్టాట్ మీకు అక్కరలేదు. అది 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకునేది, మీ నీరు ఆ వేడికి చేరకూడదు. రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, వాటర్ బ్లాక్ కొత్తవే కొనండి. నీటి ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉండాలి. మొదటి 24 గంటలు కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే నడిపి, ప్రతి కీలు కింద టిష్యూ కాగితం పరచి చూడండి. డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పారదన్న ధీమా వద్దు; లోహాలను తాకుతూ తిరిగిన నీటికి ఆ గుణం ఎక్కువ కాలం నిలవదు.

ప్రశ్న: అదే కారు ఏసీ భాగాలు వాడితే నీటిని గది కంటే చల్లగా చేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ గ్యాస్ ఒత్తిడిలో ఉంటుంది, వదిలేస్తే వాతావరణానికి చేటు. కంప్రెసర్‌ను తిప్పడానికి ఇంజిన్ కావాలి. అన్నీ కుదిరినా, చల్లబడిన బ్లాక్ చుట్టూ గాలిలోని తేమ నీరై మదర్‌బోర్డు మీద చేరుతుంది.

ప్రశ్న: పంపు ఆగిపోతే నాకెలా తెలుస్తుంది?

జవాబు: పంపుకు వేగం తెలిపే తీగ ఉంటే దాన్ని మాత్రమే మదర్‌బోర్డు సీపీయూ ఫ్యాన్ హెడర్‌కు కలిపి, అది సూచించే వేగం తగ్గితే హెచ్చరించేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల మదర్‌బోర్డు సెట్టింగులు) అమర్చండి. ఆ తీగ లేకపోతే రేడియేటర్ ఫ్యాన్‌ను ఆ హెడర్‌కు ఇవ్వాలి, లేదంటే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఫ్యాన్ లేదని ఫిర్యాదు చేస్తాయి. అప్పుడు పంపు సంగతి ఉష్ణోగ్రతే చెప్పాలి: నీరు కదలకపోతే ప్రాసెసర్ వేడి కొద్దిసేపట్లోనే ఎగబాకుతుంది. దాదాపు 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కానీ, అంతవరకు ఆగకుండా 85 డిగ్రీలకే శబ్దం చేసేలా ఉష్ణోగ్రతలు చూపే సాఫ్ట్‌వేర్‌లో హెచ్చరిక పెట్టుకోండి.