యూనిఫాం సీజనుకు పిల్లల్ని పెట్టుకోవాలనుకుంటున్న బుజ్జికి

చి.ల.సౌ. బుజ్జికి, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

గుణుపురంలో నీ కుట్టు షాపుకు బడి యూనిఫాంల సీజనులో పిల్లల్ని పెట్టుకుంటే, కెనడాలోలాగా వాళ్ల జీతంలో కొంత సర్కారు ఇస్తుందా అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను. ఈ కాగితం లెక్కల పుస్తకంలో పెట్టుకో.

ముందు కెనడా సంగతి తేల్చేద్దాం. మీ అక్క చెప్పింది నిజమే. అక్కడ ‘కెనడా సమ్మర్ జాబ్స్’ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. 15 నుంచి 30 ఏళ్ల మధ్య పిల్లల్ని వేసవిలో కొన్ని వారాలు పనిలో పెట్టుకుంటే, సిబ్బంది 50 మందికి మించని చిన్న వ్యాపారులకు కనీస వేతనంలో సగం దాకా, లాభం చూసుకోని సంస్థలకు మొత్తం దాకా సర్కారే ఇస్తుంది. వేసవి పనికి దరఖాస్తు చలికాలంలోనే పెట్టాలట. మే, జూన్ రెండు నెలలకు అలాంటి డబ్బు కోసం నువ్వు గుణుపురంలో ఆఫీసులు పట్టుకుని తిరిగితే చెప్పులరగడం తప్ప ఏం లేదు. మనకున్నది వేరు. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీము, పొట్టిగా నాప్స్. షాపులో పని నేర్చుకునే అప్రెంటిస్‌కు నెలనెలా ఇచ్చే డబ్బులో, అంటే స్టైపెండ్‌లో, కొంత సర్కారు ఇచ్చే పథకం ఇది. 2016లో మొదలైంది. అందులో ఒప్పందం ఆరు నెలలకు తక్కువ ఉండదు. కాబట్టి సీజను పని సీజను పనే, అప్రెంటిస్ అప్రెంటిసే. రెండూ కలిపావంటే తలనొప్పి నీకే.

సీజను పని సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. బొత్తాలు కుట్టడానికి, ఇస్త్రీకి, సైజులవారీగా కట్టలు కట్టడానికి ప్లస్ టూ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లలు కావాలంటే పెట్టుకో. ఒడిశా సర్కారు ప్రకటించిన కనీస వేతనం నీ డబ్బుల్లోంచే ఇవ్వు. పద్నాలుగేళ్లు నిండని వాళ్లను మాత్రం, వాళ్లమ్మే వచ్చి బతిమాలినా సరే, గుమ్మం ఎక్కనివ్వకు.

ఇక నాప్స్. నీ దగ్గర ఏడుగురు పనిచేస్తున్నారన్నావు. నలుగురుంటే చాలు, నువ్వు అర్హురాలివే. షాపులో పనివాళ్లు 29 మంది వరకు ఉంటే అప్రెంటిస్‌ను తీసుకోవడం మన ఇష్టం, 30 మంది నుంచి తప్పనిసరి. నీలాంటి షాపు ఒక్కరితో మొదలుపెట్టడం మేలు. ముగ్గుర్ని తీసుకుంటానన్నావు గానీ నాకైతే నచ్చలేదు.

డబ్బు లెక్క బాగా చూసుకో, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. స్టైపెండ్‌లో నాలుగో వంతు సర్కారు భరిస్తుంది, అదీ నెలకు 1500 రూపాయలు దాటకుండా. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ ఐదు నుంచి తొమ్మిది చదివిన వాళ్లకు 5000, పది పాసైతే 6000, ప్లస్ టూ అయితే 7000. పది పాసైన అమ్మాయికి నువ్వు 4500 ఇస్తే సర్కారు 1500 ఇస్తుంది. ప్లస్ టూ అమ్మాయికైతే నాలుగో వంతు 1750 అవుతుంది కానీ 1500 దగ్గర ఆగిపోతుంది, మిగతా 5500 నీదే. ఈ అంకెలు పెంచాలని 2025 మే నెలలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫారసు చేసింది. అందుకే ఒప్పందం పెట్టే రోజున పోర్టల్‌లో ఏ అంకె కనిపిస్తే అదే లెక్క అనుకో.

ఇంకోటి. 2023 నుంచి సర్కారు వాటా నేరుగా ఆ అమ్మాయి ఖాతాలోకే పోతోంది, మన చేతికి రాదు. ఎవరైనా ఏజెంటు వచ్చి ‘మేడమ్, మీ ఖాతాలో సబ్సిడీ వేయిస్తాం, కమీషన్ ఇవ్వండి’ అంటే టీ కూడా పొయ్యకుండా పంపించెయ్. ఇక ఆ 1500 పిల్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకుందామనే ఊహ మీ ఆయనకు వస్తే, ఈ ఉత్తరం చూపించు. అది పిల్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

రిజిస్ట్రేషన్ అంతా అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లోనే. షాపు పాన్, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు కాగితం), బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చో. దుస్తుల రంగం కింద ‘సూయింగ్ మెషీన్ ఆపరేటర్’ లాంటి కోర్సు చూసి ఎంచుకో. అమ్మాయి కూడా తన ఆధార్‌తో అదే పోర్టల్‌లో నమోదు కావాలి. తర్వాత ఒప్పందం తయారు చేసి, ఇద్దరూ ఒప్పుకుని, అది ఆమోదమయ్యాకే పని మొదలు. ముందు పనిలో పెట్టేసుకుని కాగితాలు తర్వాత చూద్దామంటే ఆ రోజులు లెక్కలోకి రావు. జూన్ నాటికి చెయ్యి కాస్త తిరిగిన పిల్ల మిషను మీద కూర్చోవాలంటే ఈ పనంతా డిసెంబరు, జనవరిల్లోనే అయిపోవాలి.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు పేర్లతో. ఆంధ్రలో పాతపట్నం వైపు నుంచి వచ్చే పిల్లకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో చూస్తే ఒక్క పొడి అక్షరం. ఇక్కడ ఒడియా బళ్లో చదివిన మన పిల్లలకు ఇంటిపేరు చివరికి పోతుంది, స్పెల్లింగు ఇంకోలా ఉంటుంది. పిల్లను ఒప్పుకునే ముందే ఆధార్, మార్కుల లిస్టు, పాస్‌బుక్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే మొదట ఆధార్ కేంద్రానికి పంపు.

బ్యాంకు సంగతి కూడా అంతే. ఖాతాకు ఆధార్ ఇచ్చామంటారు పిల్లలు. అది చాలదు. సర్కారు డబ్బు వచ్చే ఖాతా ఇదేనని ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర, ఆధార్‌కు మ్యాప్ అయి ఉండాలి. అది ఒక్క ఖాతాకే ఉంటుంది. సిమ్ కొన్నప్పుడు తెలియకుండా తెరిచిన ఖాతాకు డబ్బు పోతుంటే పిల్ల నీ మీద అనుమానపడుతుంది. బ్యాంకుకెళ్లి ఏ ఖాతాకు మ్యాప్ అయిందో కనుక్కోమను.

మొదలైన తర్వాత హాజరు నెలనెలా పోర్టల్‌లో ఎక్కించాలి. నీ వాటా వచ్చే నెల పదో తేదీలోగా బ్యాంకులోనే వెయ్యి. చేతికి ఇచ్చిన నోట్లకు రుజువుండదు. అప్రెంటిస్‌కు ఈఎస్ఐ, పీఎఫ్ కట్టక్కర్లేదు కానీ సూది వేల్లో దిగితే పరిహారం బాధ్యత నీదే. ఒప్పందం అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నియమం లేదు.

ఇదంతా చదివి 1500 కోసం ఇంత గోలా అంటావు. నిజం చెప్పాలంటే ఆ డబ్బు కోసమే అయితే వద్దు. నేర్పే ఓపిక ఉంటేనే దిగు. అప్రెంటిస్‌ను టీలు తేవడానికి, గుడ్డ ముక్కలు ఊడ్వడానికి వాడుకునే షాపులు చూశాను. ఆర్నెల్లయినా పిల్లకు కాలరు తిప్పడం రాదు. నువ్వు అలా చెయ్యకు. మొదట గీతల నోటుబుక్కు కాగితం ఇచ్చి, దారం ఎక్కించకుండా మిషను నడపమను. చిల్లులు గీత మీదే వరసగా పడేదాకా గుడ్డ ముట్టుకోనివ్వకు. తర్వాత పాత దుప్పటి ముక్కల మీద తిన్నగా కుట్లు, ఆ తర్వాత లాగు జేబులు. కాలరు, కాజాలు చివరికి. నీ దగ్గరున్న ముసలి టైలరు గారికి కోపమెక్కువ గానీ చెయ్యి మంచిది. పిల్లను ఆయన పక్కన కూర్చోబెట్టి, రోజుకో గంట ఆయనకు వేరే పని చెప్పకు. ఆ గంటకు పీసు లెక్కన ఆయనకు పోయేది నువ్వే కట్టివ్వు. లేకపోతే నేర్పడు, తప్పూ కాదు.

షాపు పాన్ నీ పేరనా, మీ ఆయన పేరనా? ఉద్యమ్ కాగితం మీద ఏ పేరుందో అది కూడా ఫొటో తీసి పంపించు. రెండూ కలవకపోతే ముందు ఆ పని చూడాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ